మామూలు పురుగు

మా అక్క భుజంలో కొత్త కీలు పెట్టి ఏడాది దాటింది. లోహపు కీలు. ఎక్స్‌రేలో చూస్తే ఎవరో గరిటె మింగించినట్టు తెల్లగా కనిపిస్తుంది. ఆ ఫొటోను వెలుతురుకెత్తి ఎముకల డాక్టరు ప్రతిసారీ ఒకే మాట అనేవాడు: అంతా మామూలుగానే ఉంది. ఆ ఒక్క మాట మీద మా అక్క చెయ్యి, ఉద్యోగం, పరువు మూడూ వేలాడుతున్నాయని ఆయనకు తెలియదు. తెలుసుకోవాల్సిన అవసరం ఉందని కూడా తెలియదు.

అక్క అంటే తోడబుట్టింది కాదు, తోటికోడలు. అన్నదమ్ములను చేసుకున్నాం, ఒకే ఇంట్లో ఉంటున్నాం, ఒకే ఆసుపత్రి లాండ్రీలో ఒకే దుప్పటికి చెరో వైపు నిలబడుతున్నాం. ఇంట్లో పూర్తికాని పోట్లాట పనిలో పూర్తిచేసుకుంటాం. లాండ్రీలో అందరూ ఆమెను మొండక్క అంటారు. ఆ పేరు పెట్టింది మా సూపర్‌వైజరు. ఆయన తిట్టుగా పెట్టాడు, ఆమె బిరుదుగా తగిలించుకుంది. బదులుగా ఆయనకు మడత సారు అని పేరు పెట్టింది. ఆవిరిలో మేం చెమటతో తడిసి ముద్దవుతుంటే ఆయన చొక్కా మడత మాత్రం ఎన్నడూ నలగలేదు.

మా పని ఇది. వార్డుల దుప్పట్లు యంత్రంలో ఉతికి, పిండి, ఇంకా తడిగానే మా దగ్గరికొస్తాయి. ఇద్దరం చెరో రెండు మూలలు పట్టుకుని పైకెత్తి, ఒక్క విదిలింపు విదిలించి, వేడి రోలర్ నోటికి అందించాలి. ఆ రోలర్ బల్ల మా గడ్డం ఎత్తున ఉంటుంది. దాన్ని అంత ఎత్తున పెట్టినవాడు పుట్టి బుద్ధెరిగాక ఒక్క తడి దుప్పటి ఎత్తి ఉండడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మా చేతులు భుజాలకు పైనే, పట్టుబడ్డ దొంగల్లాగా. చిరుగు కనిపిస్తే ఆ దుప్పటి మూలకు ఒక ముడి వేసి పక్కన పడేస్తాం. ముడి ఉన్న దుప్పటిని కుట్టేవాళ్ళు చూసేదాకా ఎవరూ కదిలించకూడదు, మడత సారుతో సహా. లాండ్రీలో మా మాట చెల్లేది ఆ ఒక్క ముడి దగ్గరే.

ఆ బల్ల దగ్గరే అక్క కుడి భుజం అరిగి పిండైంది. కీలు మార్చాక మొదట్లో బాగానే ఉంది. తర్వాత నొప్పి మొదలైంది. ఎర్రబడలేదు, వాయలేదు, చీము లేదు, జ్వరం లేదు. రక్తపరీక్షలు శుభ్రంగా వచ్చాయి. లోపల మాత్రం ఎవరో తీరిగ్గా కూర్చుని మర బిగిస్తున్నట్టు ఉంటుందని చెప్పేది. జుట్టు ముడేసుకుందామంటే చెయ్యి తల వెనక్కి పోదు. నేనే ముడేసేదాన్ని. కావాలని వంకరగా వేస్తున్నానని రోజూ తిట్టేది.

డాక్టరు ఒకసారి భుజంలోంచి సూదితో నీరు తీసి ల్యాబుకు పంపాడు. ఏమీ పెరగలేదని వచ్చింది. వ్యాయామం చెయ్యమన్నాడు, మనసు దిటవు చేసుకోమన్నాడు. మొండక్కకు మనసు దిటవు గురించి చెప్పిన మొదటి మనిషి ఆయనే అయి ఉంటాడు.

మడత సారుకు ఆ మాట చాలు. డాక్టరు మామూలే అన్నాడు కాబట్టి నొప్పి నటన అన్నాడు. రోలర్ దగ్గర నిలబడితే నిలబడు, లేదంటే ఇంటికి పో అన్నాడు. అక్క ఎడమ చేత్తో ఒక మూల, పళ్ళ బిగువుతో ఒక మూల ఎత్తేది. నేను నా వైపు ఇంకాస్త ఎత్తి సర్దేదాన్ని. అయినా మూల జారేది, ఉతికిన దుప్పటి నేలపాలయ్యేది. ఇంట్లో బావగారు ఒకరోజు మెల్లగా, పోనీ మానేయరాదా అన్నాడు. అక్క ఆయన వైపు చూసిన చూపుకు ఆయన చేతిలో టీ చల్లారిపోయింది.

మర్నాడు ఆమె డాక్టరు గది ముందు బెంచీ మీద కూర్చుంది. ఇంకోసారి నీరు తీయందే లేవనంది. లోపలికి పిలిచి నచ్చజెప్పారు, బయటికి పంపారు, మళ్ళీ అదే బెంచీ. సాయంత్రానికి డాక్టరుకు విసుగొచ్చి సూది తీశాడు. వైద్యం కోసం తీశాడో, బెంచీ ఖాళీ కావడం కోసం తీశాడో నేను చెప్పలేను. నీరైతే ల్యాబుకు వెళ్ళింది.

సరిగ్గా అప్పుడే మా సమ్మె మొదలైంది. రోలర్ బల్ల ఎత్తు తగ్గించాలని మేం అడుగుతూనే ఉన్నాం, వాళ్ళు చూద్దామంటూనే ఉన్నారు. లాండ్రీలో అరగని భుజం లేదు. ఆపరేషన్ గదులకూ అత్యవసర వార్డుకూ బట్టలు ఆపలేదు, మిగతావన్నీ ఆపేశాం. ఆసుపత్రి చెత్త ఎత్తేవాళ్ళు మాతో కలిశారు. వాళ్ళ నాయకుణ్ణి డబ్బా బాబాయ్ అంటాం. తోపుడుబండి మీద పసుపు డబ్బాలతో ఆసుపత్రి అంతా తిరుగుతాడు కాబట్టి ఆ పేరు. ల్యాబులో పురుగు పెరుగుతుందేమోనని ఉంచి, చూడటం అయిపోయిన ప్లేట్లను ఉడకబెట్టి పారేసేది కూడా బాబాయ్ మనుషులే. అక్క నినాదాలకు ఎడమ చెయ్యి ఎత్తేది. కుడి చెయ్యి ఎత్తలేక ఎడమది ఎత్తుతోందని ఎవరికీ తోచలేదు, అదేదో కొత్త పద్ధతనుకుని చాలామంది ఎడమ చేతులే ఎత్తారు.

యాజమాన్యం దిగిరావడానికి రెండు వారాలు పట్టింది. బల్ల దించడం కుదరదట, యంత్రం పాడవుతుందట. చివరికి మేం నిలబడే చోట చెక్క అరుగు వేయించారు. బల్లను దించలేక మనల్నే ఎత్తారు, ఎలాగైతేనేం అంది అక్క. అరుగెక్కి నిలబడితే బల్ల గుండెల దగ్గరికొచ్చింది.

సమ్మె ముగిశాక బాబాయ్ ల్యాబుకు వెళ్ళేసరికి, ప్లేట్లను వెచ్చగా ఉంచే వేడిపెట్టె నిండా పాతవే. పారేసేవాళ్ళు లేక అలాగే వదిలేశారు. ల్యాబు డాక్టరమ్మ పారేయించే ముందు ఒకసారి చూద్దామని మూతలు తీసింది. గాలి చొరని డబ్బాలో పెట్టిన ప్లేట్లలో ఒకదాని మీద సూదిమొనంత తెల్లటి చుక్కలు లేచాయి. అది మా అక్కది.

ఎముకల డాక్టరు మమ్మల్ని పిలిచి చెప్పాడు. చర్మం మీద ఉండే మామూలు బ్యాక్టీరియా, సూది చర్మంలోంచి వెళ్ళేటప్పుడు అంటుకుని వచ్చి ఉంటుంది, దాన్ని పట్టించుకోనక్కర్లేదు. ఆయన అబద్ధం ఆడాడని నేననను. అలా జరుగుతుంది కూడా. కానీ తను పెట్టిన కీలులో పురుగు చేరిందని ఒప్పుకోవడానికి ఏ డాక్టరు నోరూ తొందరపడదు. తనకు వీలైన నిజం దగ్గర ఆగిపోయాడు, అంతే.

ఆ కబురు మా కంటే ముందే లాండ్రీకి చేరింది. మడత సారు ఈసారి ఇంకో పాట ఎత్తుకున్నాడు. ఒంటి మీద పురుగున్న మనిషి రోగుల దుప్పట్లు ముట్టుకోకూడదట. తేలేదాకా లోపలికి రావద్దన్నాడు. వినండి ఇది. జబ్బు లేదంటే బద్ధకం, ఉందంటే మురికి. ఎటు తిప్పినా తలుపు బయటికే తెరుచుకుంటుంది.

బద్ధకం అన్నందుకు అక్క పోట్లాడింది. మురికి అన్నమాటను మాత్రం ఇంటికి మోసుకొచ్చింది. ఊరి దుప్పట్లన్నీ ఉతికిన మనిషి. ఆపరేషన్‌కు ముందు రోజు ఒళ్ళు రెండుసార్లు రుద్దుకుని, చంకలో వెంట్రుకలు తనే బ్లేడుతో గీసుకుని మరీ వెళ్ళింది. ఆ సాయంత్రం స్నానాలగదిలోంచి ఆగకుండా చప్పుడొస్తుంటే తలుపు తోశాను. కాలర్ల మట్టి వదలగొట్టే గట్టి బ్రష్షుతో, లాండ్రీ సబ్బుతో భుజం రుద్దుకుంటోంది. తోలు లేచి ఎర్రగా అయింది. రక్తం చెమ్మ కూడా.

బ్రష్షు లాక్కున్నాను. "రుద్దితే పోయేదైతే నీ నోరు ఎప్పుడో బాగుపడేది కదక్కా."

నవ్వింది. నవ్వితే భుజం లాగింది. తడి స్టూలు మీద అలాగే కూర్చుండిపోయింది. "నిజంగానే నా ఒంట్లోంచే వచ్చిందంటావా?" అని అడిగింది. నాకు తెలియదన్నాను. తెలిసినవాళ్ళ దగ్గరికి పోదామన్నాను.

ల్యాబు డాక్టరమ్మ గది మెట్లకింద ఉంది, కిటికీ లేదు. మనిషి ముభావి, మాట కటువు. అక్క భుజం మీది గీతలు చూసి ముందు మమ్మల్నిద్దర్నీ తిట్టింది. బ్రష్షూ బ్లేడూ చర్మాన్ని చీల్చి పురుగులకు దారి వేస్తాయి, ఇంకెప్పుడూ ఆ పని చెయ్యొద్దంది. తర్వాత కూర్చోబెట్టి చెప్పింది. ఈ బ్యాక్టీరియా అందరి చర్మంలోనూ ఉంటుంది. పైన కాదు, నూనె ఊరే రంధ్రాల అడుగున. ముఖం, వీపు, భుజాలు దానికి ఇష్టమైన చోట్లు. ఆపరేషన్‌కు ముందు మందు పూసి తుడిచినా పైన ఉన్నదే చస్తుంది, కత్తి దిగేటప్పుడు అడుగున ఉన్నది బయటికొస్తుంది. మాంసంలో పడితే ఒళ్ళే దాని పని పడుతుంది. లోహం మీద పడితే మాత్రం జిగురు పొర కప్పుకుని పడుకుంటుంది. జ్వరం తెప్పించదు, చీము పట్టించదు. నిదానంగా కీలును వదులు చేస్తుంది.

అక్క అడిగింది, మరి మొదటిసారి ఎందుకు కనపడలేదని.

"అది బద్ధకపు పురుగమ్మా. పెరగడానికి రెండు వారాలు తీసుకుంటుంది. మేం వారం తిరక్కుండానే ప్లేట్లు పారేస్తాం. ఇక్కడి రూలు అది."

"ఈసారెవరు ఆపారు పారెయ్యకుండా?"

డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసి మా వైపు చూసింది. "మీరే."

సమ్మెలో పారేసేవాళ్ళు లేకే ఆ ప్లేటు బతికింది. అది తలకెక్కగానే అక్క ఎడమచేత్తో బల్ల మీద ఒక్క చరుపు చరిచింది, పక్కనున్న గాజు సామాను గలగలమంది. డాక్టరమ్మ ఆగమన్నట్టు వేలు చూపించింది. ఒక్క ప్లేటు చూసి ఒట్టు పెట్టలేనని, ఎముకల డాక్టరు అన్నది కూడా నిజం కావచ్చని చెప్పింది. తేలాలంటే భుజంలో చిన్న రంధ్రం చేసి, కెమెరా పెట్టి, వేర్వేరు చోట్ల నుంచి అయిదు చిన్న కండ ముక్కలు తీయాలి. తీసేముందు కొన్నాళ్ళు యాంటీబయాటిక్ మందులేవీ వాడకూడదు. ఒక్క ముక్కలో వస్తే బయటినుంచి అంటుకుని ఉండొచ్చు. ఎక్కువ ముక్కల్లో అదే పురుగు వస్తే లోపల కాపురం ఉన్నట్టే. అయితే అయిదింటినీ రెండు వారాలు ఉంచాలి.

అక్క వెంటనే బయల్దేరింది. ఎముకల డాక్టరు వార్డు తిరగడం ముగించి గదిలోకి వెళుతుంటే గుమ్మంలో ఎదురు నిలబడి, రంధ్రం చేసి ముక్కలు తీయమంది. వరసలో కూర్చున్న రోగులంతా తలలు తిప్పారు. ఆయన మళ్ళీ మొదలుపెట్టాడు. చూడమ్మా, అది చర్మం మీద మామూలుగా ఉండేదే.

"మామూలంటే ఏంటి సారూ? ఎవరికైనా మామూలిచ్చి లోపలికెళ్ళిందా?"

వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. డాక్టరు చెవులు ఎర్రబడ్డాయి. అక్క గొంతు తగ్గించింది. ఆమె గొంతు తగ్గిందంటే మేం లాండ్రీలో జాగ్రత్త పడతాం.

"నా చెప్పులు గుమ్మం బయట ఉంటే మామూలే సారూ. అవే నా కంచంలో ఉంటే మామూలేనా? చర్మం మీదున్నదాన్ని మామూలనండి, ఒప్పుకుంటా. నా కీలులో ఉన్నదాన్ని కూడా అదే పేరుతో పిలిస్తే ఎలా? చోటు మారాక పేరు మారదా?"

ఆయన విసుక్కోలేదు. అది ఆయన మంచితనమే అనుకుంటాను. రంధ్రం చేయడం ఊరికే కాదని, దాంతోనూ ప్రమాదం ఉందని, ఇంతా చేసి ఏమీ దొరక్కపోవచ్చని చెప్పాడు.

"దొరక్కపోతే నేనే మడత సారు దగ్గరికెళ్ళి, నేను బద్ధకస్తురాలిని, నన్ను పంపించెయ్యండని చెప్తా. దొరికితే మీరు రావాలి. లాండ్రీకి. మా అందరి ముందు నోటితో చెప్పాలి."

ఆయన నా వైపు చూశాడు, ఈమెను కాస్త తీసుకెళ్ళమన్నట్టు. నేను గోడ వైపు చూశాను. చివరికి తలూపాడు.

రంధ్రం చేశారు, ముక్కలు తీశారు, ప్లేట్లు వేడిపెట్టెలోకి వెళ్ళాయి. డాక్టరమ్మ రెండు వారాలు ఉంచమని చెప్పింది. కానీ ఆవిడ ఒక్కతే, షిఫ్టులు మూడు, పారేసే చేతులు వేరు. మా భయం అక్కడే. నేను చిరుగు దుప్పటి ఒకటి చూసి, దాని అంచు పీలిక చింపి, ముడి వేసి బాబాయ్ చేతిలో పెట్టాను. డాక్టరమ్మకు చూపించి, ఉడకబెట్టించి, ఆ ప్లేట్ల డబ్బాకు కట్టాడు.

అక్క ఇంట్లో కూర్చుంది. కూర్చోవడం ఆమెకు చేతకాని పని. వంట చెడగొట్టింది, బావగారి చొక్కాలకు ఎడమచేత్తో ఇస్త్రీ పెట్టి రెంటిని కాల్చింది, నేను పనినుంచి రాగానే ఈరోజు రోలర్ దగ్గర ఎవరు నిలబడ్డారో, మూల ఎలా పట్టుకున్నారో వంద ప్రశ్నలు. రాత్రిళ్ళు తను నిజంగానే బద్ధకస్తురాలినేమో అనుకుంటోందేమోనని నాకు అనుమానం వచ్చింది. అడిగితే కొడుతుందని అడగలేదు. పందెంలో పెట్టింది ఉద్యోగం ఒక్కటే కాదు. నా నొప్పి నాకు తెలుసు అని ఒక మనిషి చెప్పుకోగల హక్కును పెట్టింది.

వారం తిరిగాక ఒక కొత్త టెక్నీషియను వేడిపెట్టె సర్దుతూ పాతవన్నీ తీసెయ్యమన్నాడట. బాబాయ్ ఆ డబ్బా తప్ప మిగతావి తీశాడు. ఇదేంటి ఈ గుడ్డపీలిక అని టెక్నీషియను అడిగాడు. ముడి ఉంది సార్, ముట్టుకోకూడదు అన్నాడు బాబాయ్. ఎవరి రూలు అన్నాడు. లాండ్రీ రూలు అన్నాడు. ల్యాబులో లాండ్రీ రూలేమిటని అతను గొంతు పెంచితే బాబాయ్ డబ్బాకు అడ్డంగా నిలబడి డాక్టరమ్మను పిలిపించాడు. ఆవిడ వచ్చి, ఆ ముడి నాదే అంది. బాబాయ్ ఇది చెప్తుంటే అక్క మూడుసార్లు చెప్పించుకుంది.

రెండో వారం ముగిసిన పొద్దున నేను కొత్త జోడీతో రోలర్ దగ్గర ఉన్నాను. ఆవిరి తెరలోంచి తెల్లకోటు కనిపించింది. వెనకాల అక్క, కుడి చెయ్యి మెడకు కట్టిన పట్టీలో. మడత సారు ఎక్కడినుంచో ఊడిపడి, నిటారుగా నిలబడి, నమస్కారం పెట్టాడు. డాక్టరు ఆయన చెవిలో ఏదో చెప్పబోయాడు.

"సారూ, ఇక్కడ మెల్లగా చెప్పింది ఎవరికీ వినపడదు. రోలర్ మోత," అంది అక్క.

మేం యంత్రం ఆపలేదు. ఆపితే సులువైపోతుంది. డాక్టరు గొంతు సవరించుకున్నాడు. కోటు అప్పటికే ఆవిరికి మెత్తబడి ఒంటికి అంటుకుంటోంది.

"ఈమె భుజంలో మామూలుగా," అని ఆగాడు. అరుగు మీదున్న ఆడవాళ్ళందరం చూస్తున్నాం. మళ్ళీ ఎత్తుకున్నాడు, ఈసారి అరిచి. "ఈమె భుజంలో ఇన్ఫెక్షన్ ఉంది. అయిదు ముక్కలు తీస్తే నాలుగింటిలో వచ్చింది. నేను పెట్టిన కీలుకే పట్టింది. నొప్పి నిజం."

"మురికి?" అంది అక్క.

"మురికి కాదు. ఆ బ్యాక్టీరియా నా ఒంటి మీదా ఉంది, ఈయన ఒంటి మీదా ఉంది." మడత సారును చూపించాడు. మడత సారు అప్రయత్నంగా చొక్కా దులుపుకున్నాడు. అప్పుడు లేచిన నవ్వుకు రోలర్ మోత కూడా వినపడలేదు. వైద్యం అయ్యేదాకా ఈమె ఉద్యోగం ఎవరూ కదిలించడానికి లేదని డాక్టరు అదే గొంతుతో చెప్పి, చెమట తుడుచుకుంటూ వెళ్ళాడు. చెప్పినట్టు వచ్చాడు. అంతవరకు అది ఆయన మంచి లెక్కలో వేస్తాను.

ఇక ముందున్నది చిన్న సంగతి కాదు. ఆ కీలు తీసేయాలి. ఆ చోట మందు కలిపిన ఎముకల సిమెంటు ముద్ద పెట్టాలి, వారాల తరబడి మందులు పడాలి, ఆ తర్వాత ఇంకో కీలు. అన్నీ కుదిరినా చెయ్యి గడ్డం దాకా లేస్తే అదృష్టమని డాక్టరు అన్నాడట. ఇంటికొచ్చాక బావగారు అది తల్చుకుని ముఖం వేలాడేశాడు. అక్క మాత్రం ఏదో కొలుస్తున్నట్టు ఎడమ చెయ్యి గడ్డానికి, గుండెకు మార్చి మార్చి పెట్టి చూసుకుంది. "గడ్డం దాకా ఎందుకు, గుండెదాకా లేస్తే చాలదూ? అరుగు వేయించుకున్నాంగా."

బాబాయ్ చెప్పాడు, ఆ పీలిక ఇప్పుడు ల్యాబులో ఇంకెవరిదో మోకాలి ప్లేట్లకు ఉందట. డాక్టరమ్మ ఇంకో నాలుగు పీలికలు అడిగిందట. చింపి పంపాను.

ఆపరేషన్‌కు వెళ్ళేరోజు పొద్దున అక్క దువ్వెన నా చేతికిచ్చి వెనక్కి తిరిగి కూర్చుంది. జుట్టు చుట్టి ముడేశాను. అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుంది.

"ఇన్నాళ్ళైనా నీకు ముడెయ్యడం రాలేదే," అంది. "పంపిన పీలికలకైనా సరిగ్గా వేశావా?"